పది తూటాలకు ఒకటే రంధ్రం

క్రీడాశాఖ ఉపసంచాలకుల వారి సముఖమునకు,

రైఫిలు క్లబ్బులో పేరు నమోదైన కాల్పు క్రీడాకారిణి, గణాంకశాస్త్ర పట్టభద్రురాలు, ప్రస్తుతం ఏ ఉద్యోగమూ లేనిది అయిన నేను సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: క్లబ్బుకు చెందిన ఏడవ నంబరు రైఫిలు గురి తప్పునదని తనిఖీ సంఘము వారు తేల్చగా, రానున్న గురువారము దాని గొట్టమును కోయించుటకు వెలువడిన ఉత్తర్వును నిలుపుదల చేయవలెననియు, అందులకు ముందు టార్గెట్ కాగితమును తమరు స్వయముగా ఒక్కసారి చూడవలెననియు కోరుట గురించి.

తమ గది ముందు వరండాలో ఉన్న బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ బల్ల కాలు ఒకటి పొట్టి. దాని కింద మడతపెట్టిన పాత అర్జీ ఒకటి ఉంది. ఇది కూడా అక్కడికే చేరవచ్చునని తెలిసే, కాస్త మందం కాగితం మీద రాస్తున్నాను.

1. సదరు రైఫిలు గురించి. ఇది క్లబ్బు ఆయుధాల గదిలో గోడవైపు చివరి గూటిలో ఉంటుంది. భుజానికి ఆనించే చెక్క నల్లబడింది. చెంప ఆనే చోట వార్నిష్ పూర్తిగా పోయింది. ఆ పోయిన వార్నిష్‌లో సగం నా చెంపే తినేసి ఉంటుంది. మేమందరం దానిని అలకమ్మ అంటాము. నచ్చిన తూటా పెడితే చెప్పిన మాట వింటుంది. నచ్చనిది పెడితే ముఖం తిప్పుకుంటుంది. అది రైఫిలు స్వభావమే కానీ లోపం కాదని మనవి చేయడానికే రెండవ అంశం.

2. ఈ తూటా గురించి. పెద్ద పెద్ద దస్త్రాలు చూసే తమరికి ఇంత చిన్న తూటాతో పరిచయం లేకపోవచ్చు. ఇది కాపలావాళ్ళ తుపాకుల్లో ఉండే తూటా కాదు. చిటికెన వేలి మీద రెండు కణుపులంత ఉంటుంది. పెద్ద తూటాలకు అడుగున నడిమధ్య బొట్టులాగా పేలుడు మందు ఉంటుంది. దీనికి అడుగున చుట్టూ తిరిగే అంచు మడతలో ఉంటుంది, రైఫిలు పిన్ను ఆ అంచును కొడుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. తయారు చేసేటప్పుడు తడి మందును ఆ మడతలోకి పంపడానికి తూటా గుల్లను గిరగిర తిప్పుతారు. మందు ఒకచోట వెంట్రుకవాసి ఎక్కువ పడుతుంది, ఒకచోట తక్కువ. ఆ వెంట్రుకవాసి యాభై మీటర్ల అవతల ఉన్న కాగితాన్ని చేరేసరికి పది పాయింట్లను తొమ్మిది చేస్తుంది. పెద్ద తూటాలైతే విప్పి, కొలిచి, మళ్ళీ నింపుకునేవాళ్ళు ఉన్నారు. దీన్ని ఎవరూ విప్పలేరు. ఫ్యాక్టరీ ఎలా ఇస్తే అలా నోరు మూసుకుని కాల్చుకోవలసిందే.

కాబట్టి మేము చేసేది ఒక్కటే. ఒకే విడతలో తయారైన పెట్టెలను ఒక లాటు అంటాము. రైఫిలును బెంచికి బిగించి, ఒక లాటు తరువాత ఒక లాటు కాల్చి చూస్తాము. ఏ గొట్టానికి ఏ లాటు పడుతుందో దేవుడికి కూడా ముందు తెలియదు. ఖరీదైన లాటును ఉమ్మేసి, చవక లాటుతో గుండు మీద గుండు వేసే గొట్టాలున్నాయి. లాటు మార్చిన వెంటనే మొదటి కొన్ని గుండ్లు దారి తప్పుతాయి. గుండ్లకు పూసే మైనం ఒకటి ఉంటుంది, గొట్టం లోపల పాత లాటుది పోయి కొత్తది పట్టాలి. అంతవరకు ఓపిక పట్టాలి. ఇవి మా అందరికీ తెలిసిన సంగతులు. కాల్పులు సాధన చేసే రేంజిలో అడుగుపెట్టిన మొదటి నెలలోనే తెలుస్తాయి. తనిఖీ సంఘం వారు రేంజిలో గడిపింది ఒక పూట.

3. తనిఖీ జరిగిన తీరు. సంఘానికి పెద్దగా స్టోర్సు విభాగం నుంచి ఒక సారు వచ్చారు. చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది కనుక ఆయనను లోకమంతా స్కేలు సారు అంటుంది. ఎదురుగా కూడా అంటారు, ఆయన ఏమీ అనుకోరు. రెండో సభ్యుడు ఫర్నిచరు చూసే ఆయన. ఆ వారమే వీరిద్దరూ కలిసి కార్యాలయంలోని ఫ్యాన్లను, కుర్చీలను తనిఖీ చేసి వచ్చారట. కుర్చీ అయితే కూర్చుని చూస్తే తెలుస్తుంది.

మా శిక్షకులైన మాస్టారు రైఫిళ్ళను ఒక్కొక్కటిగా బెంచికి బిగించి పదేసి తూటాలు కాల్చారు. మూడో నంబరు టార్గెట్ ముందు వచ్చింది. ఆ రైఫిలును మేము జల్లెడ అంటాము. పది రంధ్రాలు, కాగితం నాలుగు మూలలా, పిల్లలు ఆడుకుని వదిలేసిన గోళీల్లాగా. స్కేలు సారు వేలు పెట్టి లెక్కపెట్టారు.

"పదికి పది! శభాష్. మంచి తుపాకీ. రాసుకోండి."

తరువాత ఏడో నంబరు టార్గెట్ వచ్చింది. నడిమధ్య నల్లటి వృత్తంలో ఒకే ఒక్క రంధ్రం. అయ్యా, నేను ఎన్నో టార్గెట్లు చూశాను. అలాంటిది ఎన్నడూ చూడలేదు.

"ఒకటేనా?" అన్నారు స్కేలు సారు.

"పదీ అందులోనే ఉన్నాయి సార్." మాస్టారు నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

"అందులోనే అంటే?"

"ఒకదాని మీద ఒకటి తగిలాయి సార్."

స్కేలు సారు కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. దించి, మాస్టారి వంక జాలిగా చూశారు. "మాస్టారూ, నేను పెద్ద చదువులు చదవలేదు గానీ చంటిపిల్లాణ్ణి కూడా కాదు. మొదటిది తగిలాక అక్కడ కాగితమే లేదు. లేని కాగితానికి రెండోది ఎలా తగులుతుందండీ?"

"పాయింటే," అన్నారు ఫర్నిచరు సారు.

మాస్టారి నవ్వు అక్కడే ఆగిపోయింది. నేను ఉండబట్టలేక కల్పించుకున్నాను. "సార్, ఆ రంధ్రం చూడండి. గుండు కంటే పెద్దదిగా ఉంది. అంచులు చిరిగి ఉన్నాయి. ఒక్కటే తగిలితే పంచ్ చేసినట్టు గుండ్రంగా ఉంటుంది."

"ఎవరమ్మా నువ్వు?"

"ఈ రైఫిలుతో కాల్చేదాన్ని సార్."

"మరి నీది నీకు ముద్దే కదా." స్కేలు బయటికి తీసి కొలిచారు. "ఎనిమిది మిల్లీమీటర్లు. గుండు ఎంత?"

"అయిదున్నర సార్."

"చూశావా! గొట్టం అరిగిపోయి గుండు లోపల దొర్లుకుంటూ వస్తోంది. అందుకే ఇంత బొక్క పడింది. రాసుకోండి: రెండవ లోపము, గొట్టము అరుగుదల."

"పోనీ, మిగిలిన తొమ్మిదీ ఎక్కడికి పోయాయో చూద్దాం రండి సార్. వెనక చెక్క ఉంటుంది."

ఎండలో నడిపించుకుని తీసుకెళ్ళాను. టార్గెట్ వెనక చెక్కలో ఒకటే గుంట, అందులో సీసం ముద్దకట్టి ఉంది. వేలు పెట్టి చూపించాను. స్కేలు సారు స్కేలు పెట్టి చూశారు. "ఇది పాతదైనా అయ్యుండొచ్చు. ఈ చెక్క పుచ్చిపోయింది. దీన్ని కూడా కండెమ్ చేయండి. ఆ బెంచి కూడా ఊగుతోంది." తిరిగి వస్తూ దారిలో ఉన్నట్టుండి ఆగిపోయారు. "అంటే తొమ్మిది గుండ్లు బయటికి పోతున్నాయన్నమాట! అటువైపు ఇళ్ళున్నాయి కదా? ఇది ప్రజల ప్రాణాల సంగతి. గూట్లో పెట్టి ఊరుకుంటే కుదరదు. గొట్టం కోయించేయాలి."

అయ్యా, చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఊదినవాడికైనా వినపడుతుంది. ఆ రోజు నా మాట నాకే వినపడలేదు.

4. దస్త్రములో జరిగిన మరియొక పొరపాటు గురించి. సదరు టార్గెట్ కాగితమును నివేదికతో పాటు ఫైలులో పెట్టారు. ఫైలులో పెట్టాలంటే అంచున రెండు చిల్లులు పొడిచి ట్యాగు వేయాలి. వేశారు. ఫైలు పై బల్లకు పోయింది. అక్కడి వారు శ్రద్ధగా లెక్కపెట్టి "మూడు తగిలినవి" అని రాశారు. ఆ పై బల్ల వారు "మూడు అయిననూ సంతృప్తికరము కాదు" అని రాశారు. ఆ కింద తమ సంతకం ఉంది. తమ కార్యాలయపు పంచింగు మిషను కూడా ఏడో నంబరు రైఫిలుతో పాటు గురి చూసి కొట్టి, మా వైపు రెండు పాయింట్లు కలిపింది. అయినా ఓడిపోయాము.

ఈ సంగతి నాకెలా తెలుసునని తమరు అడుగుతారు. ఆ చిల్లులు పొడిచింది మా అన్నయ్య. తమ కార్యాలయంలోనే కింది గుమాస్తా, ఇంకా పర్మినెంటు కాలేదు. ఈ అర్జీలో అతని తప్పేమీ లేదు. అతను చెప్పలేదు, నేనే పీకి పీకి రాబట్టాను. ఆ సంభాషణ తమరికి తెలియడం అవసరం కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అన్నయ్య తెల్లవారి ఆఫీసుకి వేసుకెళ్ళే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అమ్మ కుట్టు మిషను దగ్గర ఉంది.

"ఆ మూడింట్లో రెండు నువ్వు పొడిచినవే కదా అన్నయ్యా."

"మిషను పొడిచింది. నేను నొక్కాను, అంతే."

"మరి మీ సారుకి చెప్పొచ్చు కదా."

"ఏమని? సార్, ఈ రెండూ గుండు చిల్లులు కావు, నా చిల్లులు అనా? అది సాక్ష్యం కాగితమే తల్లీ. సాక్ష్యానికి చిల్లు పెట్టినవాణ్ణి ఏమంటారో తెలుసా?"

"రెండు తీసేస్తే ఒకటి అవుతుంది, ఇంకా అన్యాయం అవుతుంది అనుకుంటున్నావా?"

"అదీ నిజమే," అన్నాడు, చొక్కా కాలర్ తిప్పుతూ. "ఆ రెండూ ఉండనీ. నీకే మంచిది."

"అన్నయ్యని వదిలెయ్యవే," అంది అమ్మ మిషను ఆపి. "వాడు ఇంకా పర్మినెంటు కాలేదు. నీ తుపాకీ గోలలో వాడి ఉద్యోగం ఊడగొట్టకు. ఎంతసేపూ ఒక కన్ను మూసుకుని ఆ నల్లచుక్క చూడడమే."

"రెండు కళ్ళూ తెరిచే కాలుస్తానమ్మా."

"తెరిచే ఉంటే ఇంట్లో ఏం జరుగుతోందో కనబడేది."

దీనికి జవాబు తమ దగ్గర ఉంటే తెలియజేయగలరు.

5. పునఃపరీక్ష కోసం నేను చేసిన ప్రయత్నము. స్టోర్సు కిటికీ దగ్గర ఒక పెద్దావిడ ఉంటారు. ఆవిడ చాలా మంచిది. నన్ను చూడగానే "రామ్మా, ఎండన పడి వచ్చావు, నీళ్ళు తాగు" అని గ్లాసు అందించారు. ఏడో నంబరు రైఫిలును మళ్ళీ పరీక్షించడానికి తూటాలు కావాలని అడిగాను.

"కండెమ్ అయిన తుపాకీకి తూటాలివ్వకూడదమ్మా."

"అది బాగానే ఉందని చూపించడానికే అండీ."

"బాగుందని కాగితం తెచ్చుకో, ఇప్పుడే ఇస్తాను."

"ఆ కాగితం ఇవ్వాలంటే కాల్చి చూపించాలట."

"చూపించు మరి."

"తూటాలు?"

"అదే చెప్పాను కదమ్మా." ఆవిడ నిజంగా బాధపడ్డారు. "ఇంకో గ్లాసు తాగుతావా?"

తాగాను. కోపిష్టి మనిషి అడ్డం తిరిగితే పోట్లాడవచ్చు. మంచి మనిషి గుండ్రంగా తిప్పితే నీళ్ళు తాగి రావడమే.

6. ఇందులో నాకేమి సంబంధమని తమరు అడుగవచ్చు. రాష్ట్ర జట్టు శిక్షణకు ఎంపిక పోటీ త్వరలో ఉంది. వచ్చే ఏటికి నా వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరు. అయితే నేను గొప్ప క్రీడాకారిణినని చెప్పి తమరిని మోసం చేయను. నాకంటే బాగా కాల్చేవాళ్ళు ఉన్నారు. నెగ్గుతానని మాస్టారు కూడా అనలేదు. "పోటీలో ఉంటావు తల్లీ" అన్నారు, అంతే.

కానీ ఒక్కటి మనవి చేసుకుంటాను. డిగ్రీ అయ్యాక నేను చాలా ఉద్యోగాలకు వెళ్ళాను. బ్యాంకుకు, బీమా కంపెనీకి, సర్వే ఆఫీసుకు. ప్రతిచోటా రాత పరీక్ష బాగా రాశాను, ఇంటర్వ్యూలో నవ్వమన్నచోట నవ్వాను. తరువాత కబురు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు. నా లెక్క తప్పా, నా మాట తప్పా, నా చెప్పులు బాగాలేవా, ముందే ఎవరికో ఇచ్చేశారా? తెలియదు. తెలియకపోతే మనిషి తప్పులన్నీ తనవే అనుకుంటుంది.

ఏడో నంబరు రైఫిలుకు దాని లాటు పెట్టి కాల్చినప్పుడు గుండు పక్కకు పోతే, అది నాది. శ్వాస ఆపడం తొందరైందో, వేలు బిగిసిందో, గాలి దిక్కు చూపే జెండా వాలింది చూసుకోక గాలికి వదిలేశానో, పేలిన క్షణంలోనే తెలుస్తుంది. కాగితం చూడక ముందే "ఎనిమిది, కుడివైపు" అని చెప్పగలను. వెళ్ళి చూస్తే ఎనిమిదే, కుడివైపే. జల్లెడతో కాలిస్తే ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. తప్పు చేస్తే పది పడవచ్చు, ఒప్పు చేస్తే ఆరు పడవచ్చు. దానితో కాల్చడం అంటే మళ్ళీ ఇంటర్వ్యూకు పోయినట్టే.

అయ్యా, తప్పు నాదైతే నాదని, కాకపోతే కాదని నాకు నిజం చెప్పే వస్తువు ఈ లోకంలో అదొక్కటే ఉంది. దాన్ని గురువారం కోస్తారట.

7. కావున ప్రార్థన.

(అ) తమరు ఫైలులోని టార్గెట్ కాగితమును తెప్పించుకొని, నడిమి రంధ్రంలో ఒక పెన్సిలు దూర్చి చూడగలరు. పెన్సిలు లోపల ఆడుతుంది. అంచు మీద వేలు తిప్పితే చిన్న చిన్న వంపులు తగులుతాయి, ఒక్కొక్క వంపు ఒక్కొక్క గుండుది. అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

(ఆ) కాగితం అంచున ఉన్న రెండు చిల్లులను లెక్కలోనికి తీసుకొనవద్దు. అవి మా కుటుంబానివి.

(ఇ) ఉత్తర్వును రద్దు చేయుట వీలుకాని పక్షమున, గొట్టమును ఎక్కడ కోయవలెనో ఉత్తర్వులో రాయలేదు కనుక, ముందు కొస నుంచి ఒక బెత్తెడు మాత్రమే కోయించగలరు. కోసిన చోట మూతిని మంచి పనివాడు నున్నగా, సమానంగా చేస్తే గొట్టం పొట్టిదైనా గురి పోదు. కోసినట్టూ ఉంటుంది, బతికినట్టూ ఉంటుంది. ఇంతకంటే తక్కువ అడగడం నాకు చేతకాలేదు.

తమరు చిత్తగించవలెను. చిత్తగింపునకు తీరిక లేనిచో కనీసం గురువారము దాటునంతవరకు రంపము తీసుకొనిపోవు వారిని వేరొక పని మీద పంపవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఏడవ నంబరు రైఫిలుతో కాల్చునది

తా.క. పైదంతా సోమవారం రాసింది. బుధవారం ఇవ్వడానికి వస్తే తమరు క్యాంపుకు వెళ్ళారన్నారు. ఇవాళ శుక్రవారం. ఈ మధ్యలో జరిగింది రాస్తాను. ఇక్కడి నుంచి గ్రాంథికం నా వల్ల కాదు.

బుధవారం తమ వరండాలో స్కేలు సారే ఎదురయ్యారు. కోసే ముందు రెండో పరీక్ష తప్పనిసరి అని రూల్సులో ఎక్కడో ఉందట, ఆడిట్ వాళ్ళు గుర్తుచేశారట. "నీ అదృష్టం, పద," అన్నారు. ఆ కాగితం చూపించగానే స్టోర్సు పెద్దావిడ ఏమీ అడక్కుండా ఏడో నంబరుకు నచ్చే లాటులోంచే పెట్టె తీసి ఇచ్చారు. ఏది నచ్చుతుందో నేను ఎప్పుడో చెప్పిన మాట గుర్తుపెట్టుకున్నారన్నమాట.

ఫైలు మోసుకుని అన్నయ్య మాతో రేంజికి వచ్చాడు. స్కేలు సారు నాలుగడుగులు ముందు నడుస్తుంటే నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట వింటావా?"

"చెప్పు."

"ఆయనకి పది చిల్లులు కావాలి. పది చిల్లులు ఇచ్చేయ్."

"అంటే?"

"ఒకదాని మీద ఒకటి వెయ్యకు. పక్కపక్కన వెయ్యి. నీకొచ్చు కదా?"

నేను ఆగిపోయాను. అన్నయ్య ఆగలేదు. ఫైలు గుండెలకి అదుముకుని, ఏమీ అననివాడిలా నడుచుకుంటూ పోయాడు. తుపాకీ పేలితే చెవులు మూసుకునే మనిషి ఇన్నాళ్ళూ నేను చెప్పేదంతా వింటూనే ఉన్నాడు.

బెంచి కండెమ్ అయింది కనుక నన్నే కాల్చమన్నారు. చాప మీద బోర్లా పడుకున్నాను. కొత్త లాటు పట్టడానికి మొదట కొన్ని మట్టిగోడలోకి కాల్చేశాను. "ఏంటమ్మా అది?" అన్నారు స్కేలు సారు. "వేడెక్కించడం సార్," అన్నాను. అది ఆయనకి వెంటనే అర్థమైంది, ఆయన స్కూటరు కూడా అంతేనట.

తరువాత పది. ఒక్కొక్కటి ఒక్కొక్క చోట. నడిమి చుక్క చుట్టూ, అయిదు పాయింట్ల వలయం మీద, ఒకదానికొకటి సమాన దూరంలో. ఎక్కడ అనుకుంటే అక్కడ. అయ్యా, నా బతుకులో నేను అంత బాగా ఎప్పుడూ కాల్చలేదు. మామూలుగా అయితే గురి ఒకటే, పదిసార్లూ దాన్నే చూస్తాం. ఈసారి పది గురులు, ఒక్కొక్కదానికీ ఒక్కటే అవకాశం, పైగా నల్లచుక్కని చూస్తూ చూడనట్టుండాలి. అలకమ్మ ఒక్కసారి కూడా మాట తప్పలేదు. కాగితం వచ్చాక మాస్టారు దాన్ని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ దాన్ని చూసి తల దించుకున్నారు. ఆయనకి తెలిసిపోయింది.

స్కేలు సారు వేలు పెట్టి లెక్కపెట్టారు. "పదికి పది! చూశావా, నూనె వేసి తుడిస్తే అదే దారికొచ్చింది." రైఫిలు నిర్దుష్టమని అక్కడికక్కడే సంతకం పెట్టారు. గురువారం రంపం రాలేదు. ఏడో నంబరు తన గూట్లో తను ఉంది.

ఇవాళ పొద్దున ఎంపిక పోటీకి వెళ్ళేవాళ్ళ పేర్లు రేంజి తలుపుకి అంటించారు. నా పేరు లేదు.

"తనిఖీ తేలేదాకా అని ఈ సీజనంతా ప్రాక్టీసు ఆపేశారు కదా తల్లీ," అన్నారు మాస్టారు, తలుపు వైపు చూస్తూనే. "ఫైల్లో నీ పేరు మీద ఉన్న స్కోరు అదొక్కటే. నూటికి యాభై."

"మీరు చెప్పలేదా మాస్టారూ?"

"ఏం చెప్పమంటావు? కావాలని అలా కాల్చిందనా? అప్పుడు తుపాకీకిచ్చిన సర్టిఫికెట్ ఏమవుతుంది?"

నేను అడగకుండా ఉండవలసింది. గణాంకశాస్త్రం చదివినదాన్ని, ఆ లెక్క నాకే తట్టాలి. నా గురి మంచిదంటే రైఫిలు చెడ్డది. రైఫిలు మంచిదంటే నా గురి చెడ్డది. ఇద్దరిలో ఒకరే మిగలాలి.

అన్నయ్య మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు. "రైఫిలు నిర్దుష్టము, కాల్చినవారు శిక్షణకు అర్హులు కారు, అని రాయించారు," అన్నాడు. "నేను టైపు చేయనన్నానే. పక్కవాడు చేశాడు." అమ్మ మిషను ఆపి వాడి వంక చూసింది. పర్మినెంటు సంగతి ఎత్తలేదు. "లోపలికి రారా," అంది, అంతే.

మరి ఇదంతా రాసి తమరికి ఎందుకు ఇస్తున్నానంటే, అర్జీలను విషయం లైను వరకే చదువుతారని అన్నయ్య చెప్పాడు. గురువారం వెళ్ళిపోయింది, రైఫిలు కోయలేదు, కాబట్టి విషయం ముగిసినట్టే. ఒకవేళ తమరు ఇక్కడిదాకా చదివితే, ఆ మొదటి కాగితంలో పెన్సిలు దూర్చి చూసే మనిషే అయ్యుంటారు. అలాంటి మనిషికి తెలిసినా ఫర్వాలేదు.

ఏడో నంబరును కొత్తగా చేరిన ఒకమ్మాయికి కేటాయించారట. ఎవరో నాకు తెలియదు. ఆ అమ్మాయికి కొన్ని సంగతులు చెప్పించగలరా? తూటాలు దాని లాటులోంచే తీసుకోమనండి, స్టోర్సు పెద్దావిడకి తెలుసు. గొట్టాన్ని మరీ తోమొద్దనండి. తోమితే మొదటి కొన్ని గుండ్లు పక్కకి పోతాయి, ఏడవొద్దనండి. గుండు పక్కకి పోతే తప్పు ఎవరిదని వెతకొద్దు, తనదే, కానీ అది మంచి సంగతే అనండి. ఎప్పుడైనా ఒకరోజు పది కాల్చి, వెళ్ళి చూస్తే ఒకటే రంధ్రం కనబడుతుంది. అప్పుడు భయపడొద్దని చెప్పండి. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి పొమ్మనండి, ఎవరికీ చూపించొద్దనండి.